కాలని ఫోను

ఇంకోసారి చూడు ఐలేశం. నా ఫోను బ్యాటరీ మంచిగనే ఉందని గంత సులువుగ ఎట్లంటవు? వెనక మూత ఇప్పకపోతివి, తెర మీద ఏందో నొక్కి చూసి దీనికేం రోగం లేదు కాకా అంటివి. నాడి పట్టకుంటనే మనిషిని ఇంటికి తోలినట్టుంది నీ యవ్వారం.

మెల్లగ మాట్లాడాల్సిన పని లేదులే. నువ్వు మైకు పెట్టి చెప్పినా మా బిడ్డకు ఇనవడదు, పుట్టినకాడి నుంచి అంతే. గని నీ మొఖం జర అటు తిప్పుకో. మా భాగ్యశ్రీ మొఖాలు సదువుతది. ఎదురుంగ నిలవడి మెల్లగ మాట్లాడితె పెదవులు చూసి సగం మాట పట్టుకుంటది. నాయి మాత్రం దొరకయి, మీసాలల్లనే పోతయి మాటలు. అయినా ఎందుకైనా మంచిదని గిట్ల ఆమె దిక్కు సగం వీపు పెట్టి, ఓరకంట చూస్కుంట నిలవడ్డ. నువ్వు గా రిపేరు డబ్బాల తలకాయ పెట్టి ఇను.

ఏం చేస్తాందో చూస్తున్నవు గద? నీ అద్దాల బల్ల మీద మూడు ఫోన్లు వరుసగ నిలవెట్టింది. ఓ పక్క నీ నీలంది, ఓ పక్క నీ నల్లది, నడుమ నా పాతది. మూడిట్ల మూడు వీడియో కాల్లు. అవతల ఉన్నోళ్ళు షాద్‌నగర్ల మా బిడ్డతోని కంపెనీల పనిచేసే పిల్లలు. ఇయ్యాల ఆదివారం గద, హాస్టల్లనే ఉన్నరు. వాళ్ళకు గూడ చెవులు ఇనవడయి. నా ఫోన్ల కనవడే గా గుండ్రం మొఖం పిల్ల దీప్తి, మా బిడ్డ రూముల ఉంటది. వాళ్ళు చేతులతోని ముచ్చట పెడుతనే ఉంటరు, ఈమె మూడిటి వెనక చెయ్యి పెట్టి ఒక్కోటి ముట్టి చూస్తనే ఉంటది.

ఇసొంటి బేరం నీకు ఎన్నడన్న తగిలిందా? వచ్చినోళ్ళంత ఫోటో ఎట్ల వస్తది, పాట ఎంత గట్టిగ ఇనవడ్తది అనే అడుగుతరు గద. మా బిడ్డకు ఒక్కటే కావాలె. ఆగకుంట ఎంతసేపు మాట్లాడొచ్చు, మాట్లాడుతాంటె ఎంత కాలుతది. పదిహేను ఇరవై వేల నడుమ ఉన్న ఫోన్లన్ని నీ దుకాణంల తీయించింది. నీకు గూడ ఇసుగు పుట్టే ఉంటది, నాకు తెలుసు.

మనకు ఫోన్ల మాట్లాడుడంటె ఏముంది తమ్మీ, చెవు కాడ పెట్టుకుంటం. తెర ఆరిపోయి ఉంటది, దానికి కష్టమే లేదు. వాళ్ళకట్ల కాదు. తెర వెలుగుతుండాలె, కెమెరా నడుస్తుండాలె, నెట్టు గుంజుతుండాలె, అన్ని ఒక్కసారె. ఉండే అర్రకు పైన రేకులు, బయట ఎండ. కాలక ఏం చేస్తది? కాలినంక తెర మసకవడ్తది, బొమ్మ ఆగుతది. మనకు మాట తెగితె హలో హలో అని ఒర్రుతం. వాళ్ళకు బొమ్మ ఆగితె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటది. ఆ మాట ఏందో అవతలోళ్ళకు తెల్వనే తెల్వదు.

గందుకే ఆ హాస్టల్ల ఎవరు కొత్త ఫోను తెచ్చినా అందరు చుట్టు కూసుంటరట. డబ్బా మీద ఆరువేల బ్యాటరీ అని రాసినా నమ్మరట. వీడియో పెట్టి, ముచ్చట మొదలువెట్టి, ఏది ముందు మసకవడ్తదో చూస్తరట. జల్ది ఛార్జింగు ఎక్కేటివి కొన్ని జల్దిగనే కాలుతయట. ఛార్జింగు పెట్టి మాట్లాడొద్దట, వెనక రబ్బరు కవరు తీసెయ్యాల్నట. ఇయన్ని బిడ్డ నాకు మెసేజ్ పెడితె పక్కింటి నిర్మలమ్మ సదివి చెప్పింది. నాకు బస్సు బోర్డు తప్ప ఇంకో సదువు రాదు. బిడ్డ ఏం రాసినా నిర్మలమ్మ నోట్ల నుంచే నాకు రావాలె. ఇగ మనసుల మాట అట్ల ఎవరు రాస్తరు చెప్పు?

ఏందీ? ఆ, చూసిన. నీలంది మసకవడ్డది. చూసెటందుకు ఎంత మెరిసింది.

నాదా? నాది మంచిగ నడుస్తాంది. గదే గద నా బాధ.

తమ్మీ, ఒక్క పని చేసిపెట్టు. ఈ పాతదాని బ్యాటరీ పోయిందని చెప్పు మా బిడ్డకు. చెయ్యి అడ్డంగ ఊపితె సాలు, సమజయితది. ఎట్లయినా కొత్తది కొనేదే ఉంది, నీ బేరమేం పోదు. అబద్ధమాడుమంటున్నడేంది ఈ ముసలోడు అనుకోకు.

ఎందుకంటె ఏం చెప్పాలె.

మా ఇంటామె సావిత్రమ్మ ఉన్నన్నాళ్ళు నాకీ ఫికరే లేకుండె. బిడ్డను నల్లగొండల చెవులిననోళ్ళ బడిల ఏసినప్పుడు, ఆమె గూడ ఆడనే అర్ర కిరాయికి తీస్కొని, ఇండ్లల్ల పని చేస్కుంట ఉన్నది. బిడ్డ బడిల నేర్చుకున్నది పొద్దూకి తల్లికి నేర్పేది. నేను ఊర్లనే ఉండి తాళ్ళెక్కిన. ఎవరో ఒకరు కల్లు గియ్యాలె గద, ఇల్లు నడవాలె గద? సెలవులకు వస్తె తల్లి బిడ్డ వాకిట్ల కూసోని చేతులతోని ముచ్చట పెడుతుండిరి. నేను కల్లు లొట్లు కడుక్కుంట చూసేటోన్ని. ఎంత నవ్వుకునేటోళ్ళో. ఇంత చప్పుడు గూడ లేకుంట కడుపు పట్టుకొని నవ్వేటోళ్ళు.

నన్ను గూడ రమ్మన్నరు, కూసోవెట్టిండ్రు. మా బిడ్డ నా ఏళ్ళు పట్టుకొని ఒంచి చూపెట్టింది. తాడెక్కే మోకు గుంజి గుంజి మొద్దువారిన చేతులు నాయి, సక్కగ తిరగలే. అయినా రెండు మూడు నేర్సిన. తాళ్ళ కాడికి పోయి ఊకోకుంట మావోళ్ళకు చేసి చూపెట్టిన. ఏందిరా లింగస్వామి, కోతులాడిచ్చెటోనిలెక్క చేతులాడిస్తున్నవు అని నవ్విండ్రు. నాకు సిగ్గయింది. నా బిడ్డ మాటకు నాకు సిగ్గయింది ఐలేశం. ఇగ మల్ల కూసోలే. ఇంట్ల చెప్పెటామె ఉన్నది గద అనుకున్న. బాపు ఏమన్నడు అని బిడ్డ తల్లిని అడిగేది, బిడ్డ ఏమన్నది అని నేను ఆమెనడిగేది. గట్లనే ఎల్లిపోయింది కాలం.

పోయినేడు వానకాలం కామెర్లయినయి ఆమెకు. దవాఖానకు తీస్కపోయినం, మల్ల ఇంటికి రాలే.

దినాలయి సుట్టాలంత పోయినంక, వాకిట్ల నేను బిడ్డ ఇద్దరమే మిగిలినం. ఆమె నా దిక్కు చూసుడు, నేను ఆమె దిక్కు చూసుడు. సావిత్రమ్మ గురించి చెప్పుకోవాల్నని ఇద్దరికి పాణం గుంజుతాంది. ఎవరు చెప్పాలె తమ్మీ, ఎట్ల చెప్పాలె? కొంచెంసేపటికి ఆమె లేచి బాసన్లు తోముకున్నది, నేను ఊర్లెకు పోయిన.

ఇగ గప్పటి నుంచి డ్యూటీ దిగంగనే వీడియో చేస్తది, రోజు. నేను ఫోను చెంబుకు ఆనిచ్చి ముందల కూసుంట. తిన్నవా అంటె తెలుస్తది. గోలీలు ఏసుకున్నవా అంటె తెలుస్తది. కడమదంత నాకు వానల చూసినట్టే, ఏం సమజు కాదు. తల ఊపుత. ఆమె నవ్వితె నవ్వుత, ఆమె కండ్లు పెద్దగ చేస్తె నేను గూడ చేస్త. మంచిగనే నడుస్తాంది అనుకున్న.

కంపెనీల సాయికిరణ్ అని ఒక పిలగాడు ఉండె. ఆయనకు గూడ ఇనవడదు. ఇద్దరు పెండ్లి చేస్కుంటరని బిడ్డ రాస్తే నిర్మలమ్మ సదివింది, ఫోటో గూడ చూపెట్టింది. నాకు మస్తు సంబురమైంది. ఓనాడు పొద్దూకి బిడ్డ ఫోన్ చేసి గా పిలగాని ఫోటో చూపెట్టి ఏమో చెప్పవట్టింది. చేతులు జల్ది జల్ది ఆడుతున్నయి. పెండ్లి ఖాయమైందనుకున్న నేను. నవ్విన. బొటనేలు లేపి చూపెట్టిన, మంచిగయింది బిడ్డా అని. గంతటితోని ఆగిననా? రెండు చేతులెత్తి పైకి దండం పెట్టిన.

బిడ్డ చేతులు ఆగినయి. నేను బొమ్మ ఆగిందనుకున్న. ఫోను కాలిందేమో అని వెనక ముట్టి చూసిన. కాలలే. మల్ల తెర చూస్తే ఆమె రెప్పలు ఆడుతున్నయి. బొమ్మ ఆగలే తమ్మీ, బిడ్డనే ఆగింది.

తెల్లారి బిడ్డ పెట్టిన మెసేజ్ నిర్మలమ్మ సదివి చెప్పింది. మాట్లాడే పిల్లనే చేస్కోవాల్నని ఇంట్లోళ్ళు పట్టువడితె, ఆ పిలగాడు సరే అన్నడట. మా బిడ్డను కాదన్నడట. తల్లి లేని పిల్ల, చెప్పుకొని ఏడుద్దామని తండ్రికి ఫోన్ చేస్తే, తండ్రి నవ్వుకుంట దండం పెట్టిండు.

ఇగ నాకు బయం పట్టుకుంది. ఏం చెప్తదో, నేను దేనికి నవ్వుతనో. ఆమె మొఖం జర మారినట్టయితె సాలు, ఫోను కాలుతాందని చెప్పి గా ఎర్ర గుండీ నొక్కుత. రోజు గదే పని. కాలలే తమ్మీ, ఒక్కనాడు కాలలే. నేనే బందు చేసిన.

పాపం, ఆమె నమ్మింది. బాపు ఫోను పాతదయింది, ఎండలకు ఆగుతలేదు అనుకున్నది. హాస్టల్ల అందరి ఫోన్లు చూసి, ఏది మంచిగుందో అడుక్కొని, ఆదివారం చూస్కొని మోత్కూరు దాక వచ్చింది. నాతోని ఇంకింతసేపు మాట్లాడొచ్చని వచ్చింది ఐలేశం. నువ్వేమో పాతదే మంచిగుందంటివి.

నేర్చుకో అంటవు. చెప్పుడు అల్కగనే ఉంటది. నాకు నేర్పు బిడ్డా అని అడగాల్నంటె గది గూడ చేతులతోనే అడగాలె గద? అడిగిన అనుకో, ఇన్నొద్దులు బాపుకు ఒక్క ముక్క సమజు కాలేదని తెలుస్తది. ఎంతో కొంత సమజయితదనే ఆశతోనే రోజు చేస్తాంది ఆమె. నేనే బందు చేస్తున్ననని తెలిస్తే ఇంకేమనుకుంటది? బాపుకు నాతోని మాట్లాడబుద్ధి అయితలేదు అనుకుంటది. ఇగ చెయ్యకపోతది. నాకు సమజు కాకపోతె కాకపాయె, బిడ్డ మొఖం రోజు కనవడ్తాంది గద తమ్మీ. గది గూడ పోతె ఆ ఇంట్ల నేనేం చెయ్యాలె?

ఆగు. ఇటు తిరుగుతాంది. నువ్వు నవ్వకు, బాధ గూడ పెట్టకు మొఖంల. ఉత్తగ ఉండు.

దీప్తికి పోయొస్త అని చెప్పింది. నీలందాన్ని ముట్టి పక్కకు జరిపింది. నల్లదాన్ని ముట్టింది, తల ఊపింది, అది పాసయినట్టుంది. ఇప్పుడు నాదాని మీద చెయ్యి పెట్టింది.

ఎంతసేపు పెడ్తది తమ్మీ. తీస్తలేదేంది. సెంపకు గూడ ఆనిచ్చుకుంటాంది చూడు.

అయిపాయె. సమజయింది ఆమెకు. నా దిక్కే చూస్తాంది.

ఇగో, నా చేతిల పెట్టింది. నువ్వు గూడ ముట్టి చూడు. కోడి గప్పుడే పెట్టిన గుడ్డంత గూడ వెచ్చగ లేదు. ఇంతసేపు నడిచి గూడ.

చూసినవా, ఏం చేస్తాందో చూసినవా? నిప్పు ముట్టినట్టు ఏళ్ళు దులుపుకుంటాంది. నోటితోని ఊదుకుంటాంది.

ఏందంటవా? కాలుతాంది అంటాంది. బాపూ, నీ ఫోను బాగ కాలుతాంది అంటాంది.

వాళ్ళ భాష కాదు తమ్మీ అది. ఏ బడిల నేర్పరు దాన్ని. నేను కల్పించుకున్నది. ఎర్ర గుండీ నొక్కే ముందల రోజు నేను గట్లనే చేస్త, ఏళ్ళు దులిపి, నోటితోని ఊది. అచ్చం నాలెక్కనే చేసింది, పెదవులు గూడ నాలెక్కనే పెట్టింది. నేను ఆమె మాట ఒక్కటి నేర్వకపోతి. ఆమె నా మాట నేర్చుకున్నది. ఉన్నదొక్కటే మాట, గది గూడ అబద్ధం, దాన్నే నేర్చుకున్నది.

కోపం చెయ్యలే చూడు. నవ్వుతాంది. ఎప్పటి నుంచి తెలుసో ఏమో ఆమెకు. తెలిసి గూడ రోజు చేసినట్టుంది. ఇప్పుడు నీ ముందల నా పరువు గూడ కాపాడుతాంది.

లేదు బిడ్డా, కాలలే, నేనే బందు చేసిన. గీ మాట చెప్పాల్నంటె చేతులు ఎట్ల పెట్టాలె తమ్మీ? నీకు గూడ రాదా?

నీకేడ వస్తది, కన్నోనికే రాకపాయె. సరే, ఆ నల్లది కట్టియ్యి.