మారప్ప సుత్తి చెప్పిన మాట

అమ్మల్లారా, అప్పల్లారా! పొద్దన్నే మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి బస్సులు పట్టుకోని కుప్పం దాకా వచ్చినారు. మన మారప్ప కోసం వచ్చినారు. మారప్ప లేడు. నాలుగు దినాలుగా ఇదే మాట అనుకుంటాండాను. ఏడుపు రాలేదు. యాల రాలేదో తెలీదు.

నేను వెంకటేశుల్ని. పుంగనూరు కాడ మా కంపెనీ అణు విద్యుత్ కేంద్రాలకు వాల్వులు చేస్తాది. వాటిని పరీక్ష చేసి సంతకం పెట్టేది నేను. తీసకపోయి బిగించేది మారప్ప.

అంతకుముందు ఆయనకు ఈడే, గ్రానైట్ క్వారీలో పని. మీకు తెలుసు. రాయిని సుత్తితో ఒక దెబ్బ కొట్టి చెవి ఆనించేవాడు. ఖంగుమంటే మంచి రాయి. డొల్లగా మోగితే లోపల పగులు. ఒకసారి పెద్ద బండను కొట్టి "ఇది పనికిరాదప్పా" అన్నాడు. ఓనరు నవ్వినాడు. రంపం కింద పెడితే బండ రెండు చెక్కలయింది.

మా వాల్వునూ అట్లే కొట్టినాడు. "సార్, ఈ మూల కాడ డొల్లగా ఉండాది, సూడండి" అన్నాడు. నేనేమన్నాను? "ఇది ఉక్కు, మారప్పా. మీ కుప్పం బండ కాదు" అన్నాను. అందరం నవ్వినాం. ఆ మూలలో, లోపలి పగుళ్లు చూసే స్కానింగ్ యంత్రం సరిగా ఆనలేదు. ఆనినట్టు రాసి సంతకం పెట్టినాను. దాన్ని బిగించేదానికి ఆయన్నే పంపినాం.

బిగించినాడు. కేంద్రంలో తొలిసారి దాంట్లోకి ఆవిరి వదిలినారు. ఆ మూల కాడే పగిలింది. ఎదురుగా ఉండింది ఆయనే.

కంపెనీ వాళ్ళు నాకు ఒక కాగితం ఇచ్చినారు. "ఇది దాగున్న లోపం, ఎవరికీ తెలీదు, సరఫరా చేసినోళ్లకు బాధ్యత లేదు" అని ఉండాది. రేపు విచారణలో నేను దానిమింద సంతకం పెట్టాలంట. పెడితే మారప్ప భార్య మునిలక్ష్మమ్మ ఎవర్ని అడగాల? ఇదో, ముందర కూర్చోనుండాది. ఆమె మొగుడు పోయింది ఎవరి తప్పూ కాదా?

దాగున్న లోపమంట! కంటికి కనపడలేదప్పా, నిజమే. చెవికి ఇనపడింది కదా? ఆయన చెప్పినాడు కదా? లోపం దాగలేదు. నేను దాచినాను. రేపు ఆడ ఇదే చెప్తాను. అమ్మా మునిలక్ష్మమ్మా, క్షమించమని అడగను. ముందు నీకు చెప్పల్లని వచ్చినాను.

సుత్తి కొట్టినాక ఎవరన్నా మాట్లాడితే మారప్ప ఒకటే అనేవాడు: "గమ్మునుండప్పా, ఇనాల." ఆ పొద్దు నేను గమ్మునుండలేదు. అందరూ లేసి నిలబడండి. రెండు నిమిషాలు గమ్మునుందాం. ఇప్పుడన్నా ఇంటాను.