పళ్లు మొలిచిన పూలకుండీ

డిస్కుల బాబాయ్ నోరు విప్పాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. కంప్యూటర్లు బాగుచేసే తన కొట్టుకి ఎదురుగా, టీబడ్డీ బల్లమీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. అటు లాయరు గారు, ఇటు దర్జీ. పళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి రొప్పుతూ వచ్చేసరికే కోతలు మొదలైపోయాయి.

నిన్న పొద్దున క్లినిక్కులో కంప్యూటరు మారుస్తూ వాడుకలో ఉన్న కొత్తదీ, ఎప్పుడో పక్కనపెట్టేసిన పాతదీ రెండు హార్డ్‌డిస్కులు తీసి టేబుల్ మీద పెట్టారు. పాతదాన్ని ఇంకెవరూ చదవలేకుండా నాశనం చేయించమని చెప్పి డాక్టరమ్మ ఊరెళ్లింది. దుమ్ము పట్టినదే పాతదనుకుని ఈ మహాతల్లి దాన్ని తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది. తీరా ఇవాళ చూసుకుంటే, సొరుగులో మూసిపెట్టిన పాతది శుభ్రంగా ఉంది, రోజూ ఫ్యాను గాలి తగులుతూ పనిచేసే కొత్తదానికే దుమ్మంతా పట్టింది. రెండువేలమంది పళ్ల ఎక్స్‌రేలు అందులోనే ఉన్నాయి, నకలు కూడా లేదు. రేపు పొద్దున్నే ఒకాయనకి దవడ ఆపరేషన్.

నేను నిన్న ఇచ్చిన డిస్కు ఏం చేశారు బాబాయ్ అని అడగబోయింది.

“దాని సంగతే చెబుతున్నా, కూర్చో తల్లీ, సమయానికొచ్చావు,” అన్నాడాయన.

మొదట్లో మాటలు మామూలుగానే సాగాయి. మూతకున్న స్క్రూలన్నీ విప్పాడట, లోపల డేటా ఉండే గుండ్రటి పళ్లేలు రెండూ బయటికి తీశాడట, మేకుతో అడ్డదిడ్డంగా గీకాడట. అమ్మాయి బల్లమీద చతికిలబడింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గీతలకి లొంగుతాయా అవి? అయస్కాంతం తీశాను. అలాంటిలాంటి అయస్కాంతం కాదు లాయరు గారూ, నేనలా సంచిలోంచి తీశానో లేదో, వీధి చివర మలుపు తిరుగుతున్న బస్సు ఉన్నపళంగా ఆగి వెనక్కి రావడం మొదలుపెట్టింది. డ్రైవరు పాపం ముందుకే తొక్కుతున్నాడు. దిగిపోయినవాళ్లు మళ్లీ ఎక్కేసరికి కండక్టరు మళ్లీ టిక్కెట్లు కొట్టేశాడు.”

నిన్నట్నుంచీ తన కత్తెర కనపడకపోవడం ఇందుకేనా అని దర్జీ నోరెళ్లబెట్టాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్లమన్నాడు బాబాయ్.

అమ్మాయి ఆలోచనలో పడింది. బస్సు వెనక్కి రావడం పచ్చి అబద్ధం, సరే. మరి మేకుతో గీకడం? స్క్రూలు విప్పడం? ఎక్కడిదాకా నిజం, ఎక్కడినుంచి కోత? మనిషన్నవాడు అబద్ధం ఆడకూడదని చిన్నప్పట్నుంచీ నమ్మిన పిల్ల, ఈయన మొదటినుంచీ అబద్ధమే ఆడి ఉండాలని మనసులో దణ్ణాలు పెట్టుకుంటోంది.

బాబాయ్‌కి అవేం పట్టలేదు. పళ్లేలని కిటికీకి వేలాడదీసి, వాటిలో చూసుకుంటూ గడ్డం గీసుకోబోతే, మీసం తనదేనట, పళ్లు మాత్రం వేరేవాళ్లవట. కన్నార్పితే ఇంకొకళ్ల పళ్లు. ఇలా కాదని మిక్సీలో వేసి పిండిచేసి పూలకుండీలో చల్లాడు. తెల్లారేసరికి మొక్క మొలిచింది, మొగ్గ తొడిగింది, విచ్చుకుంది. పువ్వుకి ముప్ఫైరెండు పళ్లు. ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్టుమేన్ చెయ్యి కరుచుకుని వదల్లేదు.

నిన్న ఇచ్చిన డిస్కుకి ఇవాళ పువ్వేమిటయ్యా అన్నారు లాయరు గారు. మీ చట్టాలు వేరు, డేటా చట్టాలు వేరు అని కొట్టిపారేశాడు బాబాయ్.

మార్చుకుందామని తెచ్చిన పాత డిస్కు అమ్మాయి సంచిలోనే ఉంది. తోచక దాన్ని వేళ్లతో తడుముతోంది. మూతమీది స్క్రూలు వేలికి తగిలాయి. బయటికి తీసి వాటివంక పరీక్షగా చూసింది.

“బాబాయ్, మూత దేంతో విప్పారు?”

“ఇదిగో, దీంతోనే,” అని ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. కొస ప్లస్ గుర్తులా ఉంది.

“నిన్నటిదానికీ ఇవే స్క్రూలు. వీటి గాడి నక్షత్రంలా ఉంది. మీది ఇందులో పడుతుందా? ఒక్కటి విప్పి చూపించండి.”

బాబాయ్ విప్పబోయాడు. కొస జారింది. గట్టిగా నొక్కి తిప్పాడు. మళ్లీ జారింది. మూడోసారి ప్రయత్నించకుండా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

“నక్షత్రం కొసది పోయి ఆర్నెల్లయిందమ్మా,” అన్నాడు గొణుగుతూ. “నీ డిస్కు అలమారలో ఉంది. చెయ్యి కూడా వెయ్యలేదు.”

ఆ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన రెండు చేతులూ పట్టుకుని, మీరు చల్లగా ఉండాలి బాబాయ్ అంది. ఇంత పెద్ద అబద్ధానికి ఇంత మర్యాద దక్కుతుందని తెలియక ఆయన తెల్లబోయి చూశాడు.

లాయరు గారు మాత్రం గ్లాసు మెల్లగా కింద పెట్టారు.

“పోయిన నెల నేను నా కేసులన్నీ ఉన్న డిస్కు ఇచ్చాను. దాన్ని కొలిమిలో కరిగించానన్నావు.”

“అదీ అలమారలోనే ఉంది లాయరు గారూ,” అన్నాడు బాబాయ్, తలెత్తకుండా. “కలిసిపోకుండా పైన మీ పేరు కూడా రాసిపెట్టాను.”