టవలు కింద ధర

చింతామణి ఎద్దుల సంతలో అతను దళారి. పక్షవాతం వచ్చి తగ్గాక, అతని కుడిచేతి పట్టును పరిశోధనకు వచ్చిన అమ్మాయి మీటరుతో కొలిచింది.

"పట్టు ఎడమచేతికి సమానంగా ఉండాదప్పా. బాగైందని రాసుకుంటా."

"సంతకు పోవచ్చని కూడా రాస్తావామ్మా?"

"మాది కొలతల అధ్యయనం. కూర్చోబెట్టి కష్టసుఖాలు అడిగేది వేరేవాళ్లు."

"అయితే ఈ టవలు కింద నా కుడిచేతిలో చెయ్యి పెట్టు. బేరంలో మేము ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర తెలుసుకుంటాము. ఎవురికీ కనపడకూడదు."

"పెట్టినా. ఎన్ని వేళ్లు ఇచ్చినానో చెప్పప్పా."

"మూడు."

"...ఔనప్పా, మూడే."

"బేరంలో ఇంత ఆలస్యంగా ఔనన్నోడు నిజం చెప్పింది నేను యాడా చూడలేదమ్మా."

"అప్పా..."

"పట్టు వచ్చింది, వేళ్లకు తెలివి రాలేదు. నువ్వు మటుకు బాగైందనే రాసుకో."