తోక వినని ఫైలు

ఆస్పత్రి మూడో అంతస్తులో వార్డు బయట బెంచీ మీద వదినా ఆడపడుచూ కూర్చున్నారు. లోపల మంచం మీద ఉన్నది ఒకరికి అత్త, ఒకరికి అమ్మ. నాలుగు రోజుల క్రితం ఊపిరి ఆగినంత పనై, నిన్నటి నుంచి కాస్త తేరుకుంది. పొద్దుటి నుంచి వదిన తన బ్యాగు మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఆడపడుచు పేరు ఏదైతేనేం, ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే.

"ఆ కాయితం ఇటివ్వు వదినా."

"ఏ కాయితం?"

"ఏ కాయితమేంటి? పొద్దున డాక్టరు నీ చేతికిచ్చాడే, అమ్మ పాత డిశ్చార్జి రిపోర్టు."

"అదా. ఉందిలే. ముందు నువ్వేమన్నా తిన్నావా?"

"తిన్నాను. ఇవ్వు."

"ఏం తిన్నావు?"

"వదినా, నాతో ఆటలాడకు. నాలుగింటికి ఆస్పత్రి ఆఫీసాయన వస్తానన్నాడు. ఈలోగా కంప్లైంటు రాసి పెట్టుకోవాలి."

"రాయకపోతే ఏం పోయింది చిట్టీ? అత్తయ్య బతికి బయటపడింది, మనకి అది చాలు."

"బతికింది కాబట్టి వదిలేయాలా? చచ్చిపోయుంటే రాసేదాన్నా?"

"అపశకునం మాటలు మాట్లాడకు."

"మాటలు కాదు, నేను కళ్ళారా చూశాను. ఆ ఇంజెక్షన్ పొడిచిన రెండు నిమిషాలకి మొహం ఇంతయింది. నా చెయ్యి పట్టుకుని గిలగిల్లాడింది. మూడు వారాల క్రితం ఇక్కడే పడుకున్నప్పుడు అదే మందు పడక దద్దుర్లు వచ్చాయట. మనకెవరూ చెప్పలేదు, సరే. రిపోర్టు టైపు చెయ్యడానికని ఆడియో రికార్డు చేసిన డాక్టరు మాత్రం స్పష్టంగా చెప్పాడు, ఈవిడకి ఆ మందు మళ్ళీ ఇవ్వొద్దని. పొద్దున ఆ ఆడియో మనిద్దరికీ వినిపించారుగా. విన్నావుగా."

"విన్నాను."

"టైపు చేసిన మనిషి వినలేదు. ఎలర్జీలు ఏమీ లేవని పెట్టి పంపించేసింది. అది చూసుకుని ఈసారి కొత్త డాక్టరు మళ్ళీ అదే పొడిచాడు. ఆయన తప్పేముంది?"

"పంపించేసింది అంటావేంటి, మగాడేమో."

"మగాడో ఆడదో, ఉద్యోగం ఊడాలి."

"ఉద్యోగం ఊడటమంటే ఏంటో నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అంటున్నాను. ఏ తప్పూ చెయ్యకుండా నాది ఊడింది. తప్పు చేసినదానిది ఎందుకుండాలి?"

"ఇదివరకటి రోజులు కావు చిట్టీ. మన టైపింగ్ కంపెనీ, ఇంకోటీ కలిసి కాపురం పెట్టాయి, మనలో సగంమందిని మాత్రం వీధిలోకి గెంటాయి. ఇప్పుడు ముందు మిషనే ఆడియో విని టైపు చేసి పడేస్తుంది. మనల్ని దిద్దమంటారు. దిద్దినందుకు లైనుకి ఇచ్చేది పాతదాంట్లో సగం కూడా లేదు. పది నిమిషాల ఆడియో పది నిమిషాలూ కూర్చుని వింటే సాయంత్రానికి పాల ఖర్చు రాదు."

"పిండి కొద్దీ రొట్టె అంటావు."

"నేననడం లేదు. అందరూ అంటున్నారు."

"ఆ రొట్టె మా అమ్మ తినాల్సొచ్చింది వదినా. మన డాక్టర్ల సంగతి ఆ మనిషికి తెలీదనుకుంటావా? చెప్పడం అయిపోయినట్టే ఉంటుంది. మంచినీళ్ళు తాగుతారు, నర్సుతో మాట్లాడతారు, నిమిషం గప్‌చుప్. తర్వాత, ఆఁ, ఇంకోటి, అంటారు. అసలు సంగతంతా ఆ తోకలోనే ఉంటుంది. మిషనుకేం తెలుసు, మాట ఆగితే ఫైలైపోయిందనుకుంటుంది. మధ్యలో మనిషిని పెట్టిందే ఆ తోక వినడానికి. నిన్ను ఈ పనిలో పెట్టిన రోజు నీకు నేను చెప్పిన మొదటి మాటేంటి?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పు. ఏంటి?"

"తోక దాకా వినమని."

"కదా. ఆడియో ఆపి నడిపే పెడల్ మీద నీ కాలు పెట్టించి మరీ నేర్పాను. పదకొండేళ్ళు ఆ మాట తప్పలేదు నేను. ఇప్పుడెవత్తో వచ్చి... ఆ కాయితం ఇస్తావా, బ్యాగు లాక్కోనా?"

"ఉండు, ఇస్తున్నా. చిరుగుతుంది. ఇదిగో."

"కింద ఎందుకు మడిచావు?"

"మడత పడింది."

"పడలేదు, గోరుతో గీకి మరీ మడిచావు. టైపు చేసినవాళ్ళ నంబరు ఉండేది అక్కడేగా."

"చిట్టీ, విప్పకు."

"ఎందుకు విప్పకూడదు? ...వదినా."

"ఊఁ."

"ఇది మన నంబరు."

"మన అనకు. నాది. కంపెనీ నాకిచ్చింది."

"అంటే నువ్వా?"

"నేనే. పొద్దుటి నుంచి చెబుదామనే చూస్తున్నాను, నోరు రాలేదు. తల కొట్టేసినట్టుంది నాకు."

"సొంత అత్తగారి రిపోర్టు."

"ఎలా తెలుస్తుంది చిట్టీ? కంపెనీలు కలిశాక పేర్లు తీసేశారుగా. ఏ ఆస్పత్రో కూడా కనపడదు. అరవై అయిదేళ్ళ స్త్రీ, అంతే. అరవై అయిదేళ్ళ స్త్రీలు రోజుకి ఎంతమంది వస్తారో నీకు తెలుసు."

"అరవై అయిదేళ్ళ స్త్రీ అయితే తోక వినక్కర్లేదా? ఎవరి తల్లో అయితే పోయినా ఫరవాలేదా?"

"ఫరవాలేదని కాదు."

"ఛీ. నీ పక్కన కూర్చోవాలంటేనే అసహ్యంగా ఉంది."

"అను. ఇంకా అను."

"అనక ఊరుకుంటానా? నా ఉద్యోగం పోయినప్పుడు నువ్వు నీ నంబరు మీద నాకు పని చూపించావు. పొద్దున నువ్వు, భోజనాలయ్యాక నీ ఇంటికొచ్చి నీ కుర్చీలో నేను. ఎవరికీ చెప్పకుండా దొంగల్లా. నా లైన్ల డబ్బు నెలనెలా నా చేతిలో పెట్టావు. మా ఆయనతో అన్నాను, మా వదిన దేవతని. తోబుట్టువు కూడా అంత చెయ్యదని. దేవతట, దేవత. అన్నయ్యకి తెలుసా?"

"తెలీదు."

"తెలుస్తుంది. అందరికీ తెలుస్తుంది. నేనే చెప్తాను."

"చెప్పు. కంప్లైంటు కూడా రాయి, నా పేరు మీదే రాయి. ఆ కాయితం మాత్రం ఇటిచ్చెయ్."

"ఎందుకంత తొందర?"

"తొందరేం లేదు. నంబరు నీకు నోటికొచ్చుగా, కాయితంతో పనేముంది?"

"తేదీ వెయ్యొద్దా? టైము వెయ్యొద్దా?"

"నేను చెప్తాగా, పదకొండో తారీఖు. రాసుకో."

"ఎన్నింటికి?"

"పొద్దున. పదీ పదిన్నర."

"పది గంటలకి అమ్మ ఇంకా మంచం మీదే ఉంది, డిశ్చార్జే చెయ్యలేదు. ఇక్కడ మూడు నలభై అనుంది."

"మూడు నలభయ్యే అయ్యుంటుంది. ఏదో ఒకటి. పద, అత్తయ్య లేచినట్టుంది."

"లేవలేదు. కూర్చో. పదకొండో తారీఖు... ఆ రోజు అన్నయ్య ఊళ్ళో లేడు."

"ఉన్నాడు."

"లేడు. అమ్మని ఇంటికి తీసుకురావడానికి నువ్వొక్కదానివే వచ్చావు. నాకు ఫోన్ చేశావు, ఇంకా బిల్లు దగ్గరే ఉన్నాను, పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు, తలుపు తియ్యి అని. గోలగా ఉంది, నీ మాట సరిగ్గా వినపడలేదు. హెడ్‌ఫోన్ తీసి మళ్ళీ చెప్పమన్నాను."

"నాకదేం గుర్తులేదు."

"నాకుంది. నీ ఇంట్లో ఉన్నాను. నీ కుర్చీలో."

"చిట్టీ."

"నువ్విక్కడ మా అమ్మ పక్కన నిలబడి ఉన్నావు వదినా. టైపు నేను చేశాను."

"మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"నేనే చేశాను."

"సరే, సరే. మంచినీళ్ళు తాగు. ఇదిగో."

"ఒకటిన్నర స్పీడులో పెట్టాను. మాట ఆగింది. పంపించేశాను. ఆ రోజే కాదు, నాలుగు నెలల నుంచి ఏ ఫైలుకీ నేను తోక వినలేదు. పిల్లాడి ఫీజు కట్టే నెలలో రెండింతల స్పీడు కూడా పెట్టాను. తలలూ మొండేలూ చూసి పంపించేశాను. ఎవరెవరికి ఏమేం జరిగిందో. ఇందాక పదకొండేళ్ళు మాట తప్పలేదని గొప్పలు పోయాను చూడు, సిగ్గులేకుండా."

"నేనూ వినడం లేదు. ఎవరూ వినడం లేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున. టైము చూడగానే."

"నిన్ను ఛీ అన్నాను."

"వదినని అనక ఎవర్నంటావు? ఉన్నదే అందుకు."

"నవ్వించకు నన్ను. ఇంత మాటన్నా ఎందుకు పడ్డావు? ఎందుకు నీ నెత్తినేసుకున్నావు? చెప్పు."

"చెప్తే నా మొహం చూడవు."

"ఇప్పుడు నా మొహం నాకే చూపించుకోవాలని లేదు. చెప్పు."

"కంపెనీలు కలిసినప్పుడు మేనేజరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరెందుకు, ఒకరు చాలు, మీ ఇద్దర్లో పని ఎవరికి బాగా వచ్చో నువ్వే చెప్పమ్మా, అన్నాడు."

"నాతో అనలేదే ఆ మాట."

"అనలేదు. నీ దాకా రానివ్వలేదుగా నేను."

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. నాకు పని నేర్పింది నువ్వు, నీకే బాగా వచ్చని ఆ గోడలకి కూడా తెలుసు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. మీ అన్నయ్య కొట్టు మూసేసి అప్పటికి అయిదు నెలలు. మేనేజరు కాసేపు చూసి, సరేనమ్మా, నువ్వే ఉండు, అన్నాడు. థాంక్స్ అండీ అని బయటికొచ్చాను. నువ్వు నాకోసం వాకిట్లో నిలబడి ఉన్నావు, ఏమన్నాడు వదినా అని అడిగావు."

"ఏమీ లేదన్నావు."

"ఏమీ లేదన్నాను. అందుకే తర్వాత నా నంబరు నీకిచ్చాను. నువ్వు దేవత అన్నప్పుడల్లా చచ్చిపోయేదాన్ని. అది మంచితనం కాదు చిట్టీ, సిగ్గు. కాబట్టి ఈ మాట కూడా నన్నే పడనివ్వు."

"అది వేరు, ఇది వేరు."

"వేరేం కాదు. ఆ రోజు నేను నోరు విప్పుంటే ఆ కుర్చీ నీదే, నువ్వు దర్జాగా పొద్దుటి నుంచి కూర్చుని తోక దాకా వినేదానివి."

"లేదు వదినా. ఇచ్చే డబ్బు అదే. నేను వినేదాన్ని కాదు. అబద్ధమాడకు. ఆఫీసాయన రాగానే నేనే చెప్పేస్తాను."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? తోక వినకపోవడం ఒక తప్పు, నంబరు ఇంకొకరికి ఇవ్వడం ఇంకో తప్పు. రెండో దానికి కేసు పెడతామని ముందే సంతకాలు తీసుకున్నారు. నేనే టైపు చేశానంటే ఉద్యోగంతో పోతుంది."

"ఆ టైములో నువ్విక్కడున్నావని తెలీదా?"

"ఎవరికి తెలుసు? బిల్లు మీద సంతకం అత్తయ్యది."

"అన్నీ ఆలోచించి పెట్టుకున్నావు."

"పొద్దుటి నుంచి అదే పని. చూడు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కోడలు చేసిందని తెలిస్తే అత్తయ్య పదేళ్ళు తిట్టుకుంటుంది. నాకు అలవాటే. కూతురు చేసిందని తెలిస్తే తిట్టదు. ఒక్క మాట కూడా అనదు. అది నువ్వు తట్టుకోలేవు."

"తట్టుకుంటాను."

"తట్టుకోలేవు."

"తట్టుకుంటానన్నానా? కన్నతల్లి ప్రాణం మీదికి తెచ్చి, తప్పు నీ మీదకి తోస్తానా? అంత దిగజారలేదు నేను. ఒట్టు వదినా. ఆయన రాగానే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నువ్వు మాత్రం మధ్యలో నోరెత్తకు."

"చిట్టీ, పిల్లాడున్నాడు నీకు."

"నీకు ఇద్దరున్నారు. ఇంక మాట్లాడకు. అదిగో, వస్తున్నాడు."

ఆఫీసాయన చంకలో ఫైలుతో వచ్చి, కూర్చోకుండానే కలం తీశాడు.

"అయిదో మంచం తాలూకు మీరేనామ్మా?"

"మేమేనండీ. నేను కూతుర్ని."

"ఈవిడ?"

"మా వదిన."

"టైపింగ్ కంపెనీ వాళ్ళతో ఇప్పుడే మాట్లాడాను. ఆ నంబరు ఈవిడదేనట. నిజమేనామ్మా?"

"నిజమేనండీ. నాదే."

"మీరుండండి, నేను పేషెంటు కూతుర్ని అడుగుతున్నాను. ఏమ్మా, మీరూ ఇదివరకు అదే కంపెనీలో చేసేవారట కదా?"

"చేశానండీ. పదకొండేళ్ళు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు... చెయ్యడం లేదండీ. నాకు చెప్పాల్సిన సంగతొకటి ఉంది."

"చెప్దురుగాని. వాళ్ళకో అనుమానం ఉంది, అందుకే అడుగుతున్నాను. ఆ నంబరు మీద ఇంకెవరో కూర్చుని పని చేస్తున్నారేమో అంటున్నారు. అదే గనక అయితే పోలీసుల దాకా పోతుందట. ముందు మీ అమ్మగారిని అడుగుదామని లోపలికెళ్ళాను, నిద్రలో ఉన్నారు. మా అమ్మాయి మధ్యాహ్నాలు వాళ్ళ వదిన ఇంటికి పోతుందని ఆవిడ నిన్న నర్సుతో అన్నారట. నిజమేనా?"

"అమ్మని అడగొద్దండీ."

"ఎందుకని?"

"అడగొద్దు. ఆవిడ్ని కదపకండి. నేను వెళ్ళేది పిల్లల్ని చూసుకోవడానికండీ. వాళ్ళు స్కూలు నుంచి వస్తారు కదా, తలుపు తియ్యాలి."

"అంతేనా?"

"అంతేనండీ."

"సరే. మరి పదకొండో తారీఖు మూడు నలభైకి ఈ ఫైలు టైపు చేసిందెవరు? మీకు తెలిసింది చెప్పండి, రాసుకుంటాను."

"..."

"ఎవరమ్మా?"

"మా వదినండీ."