నిమ్మకాయ ఊరగాయలో వేసిన స్టీలు ముక్క

నా పేరు విశాలాక్షి. వయసు యాభై రెండు. గృహిణిని. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. భర్త రాఘవేంద్ర యూనివర్సిటీలో లోహశాస్త్రం ప్రొఫెసర్. భార్యను కాబట్టి ఆయన నాతో అన్న మాటలు నేను చెప్పనక్కర్లేదని మేజిస్ట్రేట్ గారు ముందే తెలియజేశారు. చూసింది, చేసింది చెబుతున్నాను.

ఆయన తుప్పు పట్టని స్టీలును అతికించడానికి కొత్త నికెల్ పొడి తయారుచేస్తున్నారు. రెండు స్టీలు ముక్కల మధ్య ఆ పొడి పెట్టి ఫర్నేసులో వేడిచేస్తే స్టీలు కరగదు, పొడి కరిగి రెంటినీ పట్టుకుంటుంది. లిడియా ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. ఇల్లు వారాసిగూడ.

ఫిబ్రవరి మొదటి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, అతికించిన ముక్కలు రెండు ఇచ్చింది. ఒకటి బజారు పొడితో చేసింది. గీత గీసి ఉన్నది కొత్త పొడితో సార్ స్వయంగా ఫర్నేసులో పెట్టి చేశారని చెప్పింది.

“ఆంటీ, వీటిని మీ నిమ్మకాయ ఊరగాయలో వెయ్యండి. అందులో నిలబడితే సముద్రంలోనైనా నిలబడతాయ్.”

“స్టీలు గరిటెనే జాడీలో పెట్టనివ్వను. నీ ఇనప ముక్కలు పెట్టమంటావా?”

“పొరపాటున సార్‌కి వడ్డించకండి, అంతే!”

జాడీలోంచి కొంత ఊరగాయ రెండు గాజు సీసాల్లోకి తీసి, ఒక్కో దాంట్లో ఒక్కో ముక్క వేశాను. తేదీ చీటీలు అంటించాను. మార్చి మొదట్లో తీసి చూస్తే బజారు పొడి ముక్క మెరుస్తోంది. గీత ఉన్నదానికి అతుకు పక్కనే ఎర్రటి తుప్పు చార. అక్కడ గోరు దిగింది.

ఆ సాయంత్రం ఆయనకు చూపించాను. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. “ఈ పొడి కొనబోయే కంపెనీ వాళ్ల ముందు పరీక్ష ఉంది కదండీ, లిడియాకు చెప్పాలి కదా” అన్నాను. దానికి ఆయన అన్నది ఇక్కడ చెప్పను. ముక్కను తడిచెత్త బుట్టలో వేశారు. ఆయన స్నానానికి వెళ్లాక తీసి, కడగకుండా సీసాలో పెట్టాను.

మార్చి పద్నాలుగు మధ్యాహ్నం ల్యాబ్ అటెండర్ బిక్షపతి ఫోన్ చేశాడు. “అమ్మా, కంపెనీ వాళ్ల ముందట్నే కొత్త పొడితోని అతికించిన స్టీలు డబ్బా అతుకు కాడ పగిలింది. మరిగే ఉప్పునీళ్లు పడి లిడియా మేడం చేతులు కాలినయ్. ఫర్నేసు వేడి ఆమెనే తప్పు పెట్టిందని సార్ పోలీసోళ్లకు చెప్తున్నడు. మీరు జర రాండ్రి.”

ఆసుపత్రికి వెళ్లాను. రెండు చేతులకూ కట్లు. “ఆంటీ, మన ఊరగాయ ఏమైంది?” అని అడిగింది. ఎర్ర చార సంగతి అప్పటిదాకా నేను తనకు చెప్పలేదు. ఇప్పుడు కేసు ఆ అమ్మాయి మీద ఉంది.

గీత ఉన్న ముక్కను ఫర్నేసులో పెట్టింది లిడియా కాదు. ఆయన. అదీ ఆ డబ్బాలాగే అతుకు దగ్గరే పాడైంది. రెండు ముక్కలూ సీసాలతో సహా కోర్టుకు ఇస్తున్నాను. ఈ పూట ఆయన క్యారియర్ సర్ది బల్ల మీద పెట్టే వచ్చాను.

రాసింది నాకు చదివి వినిపించారు. ‘ముక్క బుట్టలో దొరికింది’ అని ఉంటే, ‘ఆయన పడేస్తే నేను తీసి దాచాను’ అని దిద్దించాను. ఇప్పుడు అంతా జరిగినట్టే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

(సంతకం) విశాలాక్షి