అంకె పక్కన ఫోను నంబరు

రెండో తేదీ కాదు, మూడో తేదీ. సేవాపుస్తకంలో ఉద్యోగంలో చేరిన తేదీ జూన్ రెండు అని ఉన్నమాట నిజమే. కానీ ముప్పై ఒక్క సంవత్సరాల కిందటి ఆ రెండో తేదీన మన రంగుల మేడమ్‌గారు ఆస్పత్రి గేటుదాకా వచ్చి, లోపల ఎవరో ఏడుస్తున్న చప్పుడు విని, వెనక్కి వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చి సంతకం చేశారు. అప్పటి గుమస్తాగారు జాలిపడి ముందురోజు తేదీ వేశారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆమెను గురించి మన ఆస్పత్రి పత్రిక ఈ సంచికకు రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ గేటే.

రోగ నిర్ధారణ విభాగంలో టైపిస్టుగా ఆమె ఉద్యోగం మొదలైంది. ఆనాటి టైపు మిషను రిబ్బను పైసగం నలుపు, కిందిసగం ఎరుపు. పరీక్ష ఫలితాల్లో ఉండవలసిన హద్దు దాటిన ప్రతి అంకెనూ ఎర్రగా కొట్టాలన్నది నియమం. ఎరుపు మీట నొక్కేటప్పుడు తన వేలు చల్లబడేదని, ఆ కాగితం ఏ ఇంట్లో ఎవరి చేతుల్లో విప్పుకుంటుందోనని తలుచుకునేదాన్నని ఆమె చెప్పేవారు. పదకొండేళ్లు అలా గడిచాక కంప్యూటర్లు వచ్చాయి; మిషను పోయింది, ఎరుపు మాత్రం పోలేదు.

ఎనిమిదేళ్ల కిందట రోగులు తమ ఫలితాలను తామే ఫోనులో చూసుకునే పోర్టల్ మన ఆస్పత్రికి వచ్చింది. ఎక్కడో ఎవరో తయారుచేసి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి, మన వెనకగదిలోని సర్వర్ మీద మనమే నడుపుకోవడం మొదలుపెట్టాం. అందులో ఉన్నవన్నీ పరాయివి: పరాయి లోగో, పరాయి రంగులు, హద్దు దాటిన అంకె పక్కన నిప్పులాంటి ఎర్ర త్రికోణం. "మన లోగో పెట్టండి, మన రంగు వెయ్యండి, అంతే" అన్నది పైవారి ఆజ్ఞ. అప్పటికి కంప్యూటర్ల పని చూస్తున్న ఆమె రెండు వారాల్లో లోగో, అక్షరాలు, ప్రవేశపు పేజీ అన్నీ మార్చారు. రంగుల మేడమ్ అన్న పేరు అప్పుడే వచ్చింది. పేజీ అడుగున తయారుచేసినవారి పేరును మాత్రం ఉంచేశారు. తీసెయ్యమంటే, "ఇంకొకరు కట్టిన ఇంటికి రంగేశాం, కట్టింది మేమేనంటామా?" అన్నారు.

త్రికోణం జోలికి ఆమె మొదట పోలేదు. ఒక ఉదయం కుట్టుపని చేసే ఒకావిడ ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది. "ఎర్రగా వచ్చిందమ్మా. ఎన్నాళ్లుంటాను?" అని అడిగింది. తన కుట్టుమిషను అప్పటికే చెల్లెలికి ఇచ్చేసి వచ్చింది. ఆ అంకె హద్దు దాటింది వెంట్రుకవాసి. దానికి మందు కూడా అక్కర్లేదు. ఆ సాయంత్రానికల్లా మేడమ్‌గారు ఎరుపును బూడిదరంగుగా మార్చేశారు.

పెద్ద డాక్టరుగారికి నచ్చలేదు. "కొంత భయం ఉండాలమ్మా. భయం లేకపోతే ఎవడొస్తాడు?"

"మనిషిని రప్పించడానికి భయమే దొరికిందా సార్?"

ఇక్కడిదాకా రాసి ఆపితే ఇది మామూలు ప్రశంస అవుతుంది. తరువాతిది రాయమని ఆమే చెప్పారు; రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుందన్నారు. ఒక బస్సు డ్రైవరు తన మూత్రపిండాల పరీక్ష ఫలితం చూసుకుని పంతొమ్మిది రోజులు రాలేదు. వచ్చేటప్పటికి ముఖం, కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఎందుకు రాలేదంటే, "మెత్తగా బూడిదరంగులో ఉందిగా తల్లీ, బాగానే ఉందనుకున్నా" అన్నాడు. ముందే వచ్చినా ఇంతే అయ్యేదేమోనని పెద్ద డాక్టరుగారే ఓదార్చారు. ఆమె ఆ 'ఏమో' దగ్గరే ఆగిపోయారు. ఈనాటికీ ఆ డ్రైవరు వారానికి మూడు రోజులు మన ఆస్పత్రిలో రక్తం శుద్ధిచేసే యంత్రం పక్కన పడుకుంటున్నాడు. మూడు రోజులూ ఆమె వెళ్లి పలకరించి వస్తారు.

ఎరుపు మనిషిని ముందే చంపుతుంది, బూడిదరంగు నిద్రపుచ్చుతుంది. ఆ రెంటికీ మధ్య రంగేదీ లేదని తేలాక, ఆమె రంగును వదిలేసి ఒక వాక్యం రాశారు. వెంటనే చూడవలసిన అంకె పక్కన ఇప్పుడు ఇలా ఉంటుంది: "దీని గురించి ఈరోజే మాట్లాడుకుందాం. ఈ నంబరుకు ఫోను చేయండి." ఆ నంబరు ఆమె బల్లమీది ఫోనుదే. మోగగానే ఎత్తి, "ఉన్నాను, చెప్పండి" అనేవారు. ఆనాడే డాక్టరును చూసే వేళ కుదిర్చి గానీ పెట్టేసేవారు కారు. ఇంట్లో తలుపు తట్టినా ఆ మాటే అంటారట. గడియారాలు బాగుచేసే ఆమె భర్తగారు ఒకసారి నాతో, "పేపరతను కూడా మా ఆవిడకి కష్టసుఖాలు చెప్పుకుని పోతున్నాడండీ" అని వాపోయారు.

ఒకనాడు పొద్దుటినుంచి ఆ ఫోను మోగలేదు. అనుమానం వచ్చి ఆమె పోర్టల్ తెరిచారు. చూస్తే, సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్‌గా వచ్చిన కొత్త రూపం ఎక్కించినప్పుడు ఆమె చేసిన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోయి, పరాయి లోగో, ఎర్ర త్రికోణం తిరిగి వచ్చి కూర్చున్నాయి. తన మార్పులను సాఫ్ట్‌వేర్ సొంత ఫైళ్లలోనే రాయడం పొరపాటని ఒప్పుకుని, అప్పటినుంచి మన అలంకరణనంతా కొత్త రూపం తాకని వేరే ఫోల్డర్‌లో ఉంచారు. ఆ తరువాత కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. కొత్త రూపం ఎక్కించిన ప్రతిసారీ, చెక్క అడ్డుగోడకు ఇవతల ఉన్న నా బల్ల దగ్గరికి వచ్చి, పేజీలో కనిపించే నంబరును చూసి, నా ఫోనునుంచి కొట్టేవారు. అటువైపు తన గదిలో ఫోను మోగడం విన్నాకే ఊపిరి తీసుకునేవారు.

నా ఫోను మోత వినబడకుండా తగ్గించి ఉండటం అలాంటి ఒకరోజునే ఆమె కంటబడింది. "ఏమండీ దడగారూ, దీని గొంతు నొక్కేశారేం?" ఆ పేరు నాకు ఆమె పెట్టిందే.

"ఫోను మోగితే నాకు దడండీ. అటువైపు మనిషి మాట్లాడే ముందు ఊపిరి పీలుస్తాడు చూశారా, అది వినలేను."

"నాకు మాత్రం? మోగినప్పుడల్లా దడే. ఇన్నేళ్లయినా పోలేదు."

"మరి ఎలా ఎత్తుతున్నారు?"

"అవతలివాళ్లకి నాకంటే ఎక్కువ దడ కదండీ."

ఆమె గది కొత్త యంత్రానికి ఇస్తున్నారు. ముప్పయ్యో తేదీతో ఆ లైను తీసేస్తారు. పేజీలో ఇకమీదట ఎవరి నంబరు పెడదామని పెద్ద డాక్టరుగారు సమావేశంలో అడిగినప్పుడు అందరం ఎవరి కాగితాల్లోకి వాళ్లం చూసుకున్నాం. ఆమె ఎవరివైపూ చూడలేదు. ఆ దయకు ఆమెకు ఋణపడి ఉన్నాను. నిన్న నేను పోర్టల్‌లో ఆ నంబరు మార్చే సెట్టింగుల పేజీ తెరిచాను. ఆమె నంబరు చెరిపాను. ఖాళీ గడిలో మిణుకుమంటున్న గీతను చాలాసేపు చూశాను. రేపు ఆ డ్రైవరులాంటివాడు నా బల్లకు ఫోను చేస్తే, నేను వినకపోతే? ఏమీ భద్రపరచకుండా మూసేసి ఇంటికి వెళ్లిపోయాను. గేటుదాకా వచ్చి తిరిగిపోవడం ఆమె ఉద్యోగపు మొదటిరోజులోనూ ఉంది కనుక, నా పిరికితనాన్ని ఇక్కడ రాయడానికి అంతగా సిగ్గుపడటం లేదు.

మేడమ్‌గారూ, ఎవరికి ఏమయిందోనని ఉలిక్కిపడి లేవనక్కరలేని ఉదయాలు మీకు వేలకొద్దీ దొరకాలని, మీ ఇంట్లో మోగే ప్రతి చప్పుడూ బాగుపడ్డ గడియారానిదే కావాలని, నిండు ఆరోగ్యంతో మీ దంపతులు నిదానంగా వృద్ధులు కావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇది పంపే ముందు సెట్టింగుల పేజీ మళ్లీ తెరిచాను. ఆమె నంబరు ఉన్నచోట నాది కొట్టి భద్రపరిచాను. తరువాత బల్లమీది ఫోనును తిరగేసి, అడుగున ఉన్న చిన్న చక్రాన్ని, మోత ఇక పెరగనంతవరకు తిప్పి పెట్టాను.