కుందేలు కింద అయ్యగారి ఫ్లెక్సీ

వాసన యాడొస్తుందో మీరే చెప్పుండ్రి అయ్యగారూ. కుర్చీ జర ముందుకు జరుపుకోండ్రి. ఇంకా జర. వంగి చూడుండ్రి. రాలే గదా?

మా ఇంటామె మాబెల్ మాట ఇనకుండ్రి. 'కుందేలన్నా ఉండాలె, నేనన్నా ఉండాలె' అన్నది మొన్న. నేను జర ఆలోచన చేస్తుంటే, మాట మార్చింది. 'అయ్యగారిని పిలుస్త. ఉంచుమంటే ఉంచుత, తీయుమంటే రేపే చర్చి సెక్రటరీ మైకేల్ ఇంటికి పంపుత' అన్నది. సరే, పిలువు అన్న. తీర్పు మీ చేతులున్నది.

మైకేల్ ఇంటికి పోతే అది పెంపకానికి పోతదా, పొయ్యి మీదికి పోతదా? కోత పండుగ వేలంపాటల మీరు సూత ఉంటిరి. అందరు గుమ్మడికాయలు, కోళ్లు అర్పిస్తే ఎవరో పుణ్యాత్ములు కుందేలును తెచ్చిన్రు. మైకేల్ పాట ఎత్తుకుంటనే 'మిరియాలేసి వండిపిస్త' అన్నడు. ఆ మాట ఇని నేను చెయ్యెత్తిన. ఆయన పెంచిండు, నేను పెంచిన. చర్చంత నవ్వింది. మాబెల్ ఒక్కతే నవ్వలే.

తెచ్చినంక తెల్సింది, నాంపల్లిల రెండర్రల ఇంట్ల కుందేలంటే గుమ్మడికాయ లెక్క మూలకు పెట్టేది కాదని.

మొదలు ప్లైవుడ్ డబ్బా చేసిన. వారంల ఉచ్చ తాగి ఉబ్బింది. అప్పటి వాసన మాత్రం నిజమే, ఒప్పుకుంట. తర్వాత అడుగున జాలీ పెట్టిన, అంత కిందికి పోతదని. పోయింది, గని దాని కాళ్లు ఎర్రగైనయి. ఎందుకైతున్నయని నేను వట్టి కాళ్లతోని ఆ జాలీ మీద నిలబడి చూసిన. మాబెల్ ఫోటో తీసి కోడలు కృపాజ్యోతికి పంపింది.

పేపర్లు పరువుమన్నరు అందరు. నేను పరువలే. మీకెరుకే గదా, ఆబిడ్స్‌ల ప్రెస్సు కాడ ఇరవై ఏండ్లు పుస్తకాలు కుట్టిన, లోపట ఏమున్నదో ఎరుక లేకుంట. నలభై దాటినంక మన చర్చి రాత్రి బడిల అక్షరాలు దిద్దిన. అంత కష్టపడి నేర్చుకున్నయి తీసుకపోయి కుందేలు కింద పరుస్తనా?

ఆఖరికి ఇది. సుల్తాన్ బజార్‌ల ఇనుప జాలీ పలకలు తెచ్చి ప్లాస్టిక్ పట్టీలతోని కట్టిన. ఒక పలక తలుపు లెక్క తెరుచుకుంటది, చీపురు పట్టుకోని సీదా లోపలికి పోవచ్చు. పండనీకె అట్టపెట్టె. కింద ఫ్లెక్సీ, కాలు జారకుంట పైన తువ్వాల. కుందేలు ఎప్పుడూ ఒక్క మూలకే పోతది. మనం మూడు మూలలు చూపించినా అది ఎంచుకున్నదే దానిది. మాబెల్ అంటది, నీ దగ్గర నేర్చుకున్నదని. ఆ మూల ఎండుగడ్డేసి ట్రే పెట్టిన. పొద్దున ట్రే పారబోసుడు, రెండు పూటల ఫ్లెక్సీ తుడుసుడు, అంతే పని.

తువ్వాల ఎత్తకుండ్రి అయ్యగారూ.

ఎత్తనే ఎత్తిన్రు.

ఔ, మీరే. పోయినేడు ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీ. చర్చి వెనక గదిల చుట్టపెట్టి ఉండె, వాచ్‌మెన్ ఎల్లేష్ తీస్కపో అన్నడు. అక్షరాలను తొక్కనియ్య గదా నేను, అందుకని రాతలన్నీ కోసి పక్కకు పెట్టిన. మిగిలింది మీరే.

ట్రే సరిగ్గ మీ మొఖం మీదనే ఎందుకున్నదంటే, అది ఎంచుకున్న మూల అది. దానికేం ఎరుక? నేనయితే వాసన పట్టకుంట రోజుకు రెండుసార్లు సిర్కా కలిపిన పుల్ల నీళ్లతోని మీ మొఖం తుడుస్తున్న. నా మొఖం ఒక్కసారే కడుక్కుంట.

తిరగేసి పరిస్తే అయిపోవు గదా అంటున్నరా?

మొదలు తిరగేసే పరిచిన. నెల రోజులు మీరు బోర్లనే ఉంటిరి. ఆ తర్వాత ఆదివారం, 'పెద్దాయన మెల్లగ చదువుతడు, ఆరాధన లేటైతున్నది' అని వాక్యం చదువుడు నాకు తీసేసి మైకేల్‌కి ఇచ్చిన్రు. నెలకొక్కసారి వచ్చే వంతు అయ్యగారూ. దానికోసం వారమంత వేలు పెట్టుకోని చదువుకుంటుంటి. ఆ రోజు ఇంటికొచ్చి మిమ్మల్ని ఇట్ల తిప్పేసిన. కోపానికే తిప్పిన. పాపమే. ప్రార్థన చేయుండ్రి.

ఏంది? మళ్ల బోర్లేస్తే వచ్చే ఆదివారం వంతు నాకే ఇస్తరా?

నిజంగనా? ఏ అధ్యాయం... వద్దులెండ్రి. చెప్పకుండ్రి, ఆశ పుడుతది.

కోపానికి తిప్పిన గని, తిప్పినంకనే వాసన పోయింది. వెనక దిక్కు గరుకు, మరక పట్టుకుంటది. మీ దిక్కు నున్నగున్నది, ఒక్కసారి తుడిస్తే పోతది. కొత్తది పరిస్తేనేమో అది మూల మరుస్తది. వాసనొచ్చిందంటే మాబెల్ దాన్ని ఒక్కరోజు ఉంచది.

వంతు లేకున్నా పొద్దుమీకి ఈడ కూసోని చదువుకుంటనే ఉన్న. అది నా కాలు మీద గదుమ పెట్టుకోని ఇంటది. మెల్లగ చదువుతున్నవని లేచిపోదు.

వాక్యం మైకేలే చదవనీయుండ్రి అయ్యగారూ. ఆయన జల్దీ చదువుతడు. కుందేలును నా దగ్గర ఉండనీయుండ్రి.